మిద్దె మీద తొట్టి

ఉపగ్రహాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో నేను లాయర్ని. ఆకాశంలో పేరుకుపోతున్న చెత్తకు చట్టాలేమిటో చూడటం నా పని. అందులో నాకు ఒళ్లు మండే నియమం ఒకటుంది: ఉపగ్రహం చచ్చి ఊరికే తిరుగుతున్నా సరే, అది పంపిన దేశానిదే. వాళ్లు ఒప్పుకోకుండా ఇంకెవరూ దాన్ని తీసెయ్యకూడదు. "చెత్తకు కూడా యజమానా!" అని ఆఫీసులో చిందులు తొక్కేదాన్ని.

తొండియార్‌పేటలో మా మిద్దె మీదా అలాంటిదే ఒకటి ఉండేది. పై వాటాలో అద్దెకుండి మాధవరం వెళ్లిపోయిన పెద్దాయన వదిలేసిన ఇనప తొట్టి. సరిగ్గా నడిమధ్యన! చెల్లెలి నిశ్చితార్థం ఆ మిద్దె మీదే చెయ్యాలనుకున్నాం. తొట్టి కదలకపోతే పీటలకే చోటు లేదు. కానీ అద్దెకున్నవాళ్ల వస్తువును వాళ్ల మాట లేకుండా ముట్టకూడదని మా ఇంటి కట్టుబాటు. దాన్ని తప్పడానికి మా అవ్వ చచ్చినా ఒప్పుకోదు.

సరే, నేనే ఆయనకు మెసేజ్ పెట్టాను: "నిరుపయోగంగా ఉన్న మీ వస్తువును తొలగించుటకు అనుమతి ఇవ్వగలరు." జవాబు వెంటనే వచ్చింది: "ఎవురూ తాకొద్దు."

అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఏందే లాయరమ్మా, మనిషికి నోటీసు పంపుతారా? శుభకార్యానికి పిలవను కూడా పిలవకుండా సామాను తీయమంటివా? పద ఆడికి!"

తాంబూలం పట్టుకుని ఆటోలో మాధవరం వెళ్లాం. ఆయన భార్యకు బొట్టు పెట్టి ఇద్దర్నీ పిలిచింది అవ్వ, అంతే. తొట్టి ఊసే ఎత్తలేదు. పక్కన కూర్చుని నేను మోచేత్తో పొడిచినా పట్టించుకోలేదు.

నిశ్చితార్థం నాడు పొద్దున్నే ఆయన భార్యతో సహా దిగాడు. నేరుగా మిద్దెక్కి తొట్టి అంచు నిమిరాడు.

"మా బిడ్డలు ముగ్గుర్నీ దీంట్లోనే కూచోబెట్టి నీళ్లు పోసినాం పాపా. నువ్వేమో నిరుపయోగం అని రాస్తివి!"

అంతలోనే పకపకా నవ్వేశాడు. "సరి సరి, ఆ పక్క పట్టు."

ఇద్దరం కలిసి గోడ వారకు జరిపాం. ఆయనే పోయి ఐసు గడ్డలు, గోలీ సోడాలు తెచ్చి నింపాడు. అడుగున చిల్లి! పట్టుచీరల కుచ్చిళ్లు తడిసినా ఎవరూ తిట్టలేదు. పెళ్లికొడుకు తరఫు పెద్దలు పీటలు వదిలి తొట్టి చుట్టూ చేరారు. ఉంగరం తొడిగేటప్పుడు కూడా చెల్లెలు నవ్వు ఆపుకోలేకపోయింది. అబ్బ, ఎంత హాయిగా గడిచిందో ఆ రోజు!

ఆ ఉపగ్రహాల నియమం మీద నాకిప్పుడు కోపం లేదు. రాసినవాళ్ల మిద్దె మీద కూడా ఎవరిదో ఒక తొట్టి ఉండే ఉంటుంది.