గేటువాళ్ల వాటా

యోనా వెదురు లారీ హారన్ కొడితే చర్ల నుంచి సారపాక దాకా ఫారెస్టు గేట్లు వాటంతటవే లేచేవని చెప్పుకునేవారు. అంటే, యోనాయే చెప్పుకునేవాడు. అసలు కిటుకు ఆయన భార్య విశ్రాంతమ్మ పెట్టే ఎండురొయ్యల గోంగూర పచ్చడి. గేటువాళ్లు సామాను తెరవగానే కనబడేలా పైన ఒక చిన్న డబ్బా పెట్టుకోవడం, వాళ్లు అది తీసుకుని బండి వదిలేయడం ఆ దారిలో ఆచారం. దాన్ని గేటువాళ్ల వాటా అనేవారు.

రెండువేల తొమ్మిదిలో, ముంబైలో ఉన్న కూతురు ఫ్లోరెన్స్‌కు మూడో నెల. ఏది తిన్నా వాంతి. "అమ్మ పచ్చడైతే రెండు ముద్దలు దిగుతయేమో నాయనా" అని ఫోన్లో ఏడ్చింది. అల్లుడు విమానం టికెట్ పంపాడు. విశ్రాంతమ్మ పెద్ద సీసా నింపి, "ఇది బిడ్డ నోట్ల పడాలె. దారిపొడుగునా పంచిపెట్టినవో, మళ్ల ఇంటికి రాకు" అంది.

యోనా తన గేట్ల అనుభవమంతా వాడాడు. కౌంటరులో ఇచ్చే పెట్టెను ఎటూ తెరుస్తారు కాబట్టి అందులో వాటా డబ్బా పెట్టాడు. బిడ్డ సీసాను మాత్రం చంటిపిల్లలా చంకనెత్తుకుని శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దాకా వచ్చాడు. ఎవరూ అడగకముందే సీసాతో సహా చేతులెత్తి నిలబడ్డాడు.

మధిర వైపు ఊరివాడైన జవాను సీసా అందుకున్నాడు. "తాతా, ఇది లోపలికి పోదు. ఇట్లాంటి సీసాల్లో ఎవడన్నా పేలుడు మందు తెస్తాడని రూలు. పెట్టెలో వేసి పంపాల్సింది."

"పెట్టెల మీ వాటా ఉన్నది బిడ్డా. అది తీస్కో, ఇది ఇడిసిపెట్టు."

"మా వాటా ఏంది?" జవాను మొహం మారింది.

యోనా గబుక్కున మాట తిప్పేశాడు. "కోటి మందిల ఒక్క దొంగ కోసం అందరి పచ్చళ్లు పారబోస్తరా? గిదేం లెక్క?"

"ఆ ఒక్కడు నీ పక్క సీట్లోనే కూర్చుంటే?"

యోనా వెనక్కి తిరిగి చూశాడు. బుర్రమీసాలవాడొకడు నూనె సీసా పట్టుకుని నిలబడ్డాడు. అది నూనేనని ఎవరు చూడొచ్చారు?

"ముందు ఆయనది గుంజుకో. తర్వాత నాది ఇస్త" అన్నాడు యోనా.

రెండు సీసాలూ ఒకే చెత్తడబ్బాలో పడ్డాయి.

ముంబైలో కూతురి మొహం చూడలేక తల దించుకున్నాడు. "సీసా పోయింది బిడ్డా." ఫ్లోరెన్స్ పెట్టె తెరిచింది. చిన్న డబ్బాకు అమ్మ కట్టిన గుడ్డ ముడి కట్టినట్టే ఉంది. అన్నంలో కలుపుకుంది. ఒక ముద్ద దిగింది. రెండోదీ దిగింది. మూడో ముద్దకు యోనాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే తన వాటాను ఎవరూ ముట్టనైనా ముట్టలేదని చిన్నతనమూ అనిపించింది.

"ఒక్కడన్న రుచి చూడలేదా? ఏం చెకింగు అది."

"చూస్తే నాకేం మిగిలేది నాయనా?"

సాయంత్రం విశ్రాంతమ్మ ఫోన్ చేసింది. "బిడ్డ తిన్నదా? దారిల ఎవరికన్న పంచినవా?"

"ఒట్టు. గేటువాళ్ల వాటా కూడ బిడ్డే తిన్నది" అన్నాడు యోనా.

గొప్పలు పోయే యోనా అంత చిన్న మాటతో కథ ముగించాడంటే వాళ్ల ఊరు సారపాకలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.