ఆ దొరకి పెళ్లాం ఎక్కడిది?

మా అన్నయ్య కూతురు నరసన్నపేటలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. శ్రీకాకుళంలో నా దగ్గరే ఉంటూ రోజూ బస్సులో వెళ్లొస్తుంది. ఆదివారం భోజనం కాగానే టీవీ ముందు వీడియో గేము పెట్టుకుని కూర్చుంటుంది. ఆడటంతో ఊరుకోదు. ఆ ఆటల్లోని కథల్ని తెలుగులో చెబుతూ ఇంటర్నెట్లో వీడియోలు కూడా పెడుతుంది. ఆమె రాసుకున్న మాటల్లో తప్పులు దిద్దడం నా పని. ముప్పైమూడేళ్లు టైపిస్టుగా చేసి రిటైరైన దాన్ని. అచ్చుతప్పు కనిపిస్తే నా కన్ను అక్కడే ఆగిపోతుంది.

పోయిన వేసవిలో ఒక ఆదివారం, "అత్తా, బేగి రా. నీ దొరొచ్చాడు సూడు" అని కేకేసింది.

నా దొర అని ఎందుకందంటే, ఆ కథ నేనే ఆమెకి చిన్నప్పుడు చెప్పాను. ఆమదాలవలసలో నేను టైపు నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు వేగం పెరగడానికి ఒక పాత ఇంగ్లీషు నవల ఇచ్చి పేజీలు కొట్టించేవారు. రక్తం తాగి బతికే ఒక దొర కథ అది. కొండ మీద కోట, చచ్చినా చావని మనిషి. ఎవరైనా లోపలికి పిలిస్తే తప్ప ఇంట్లో అడుగుపెట్టలేడు. ఒకసారి పెట్టాడంటే ఆ ఇంటి ఆడదాని ప్రాణం తోడేస్తాడు. సంచిలో పసిబిడ్డని తెచ్చి తన కోటలోని పిశాచాలకి విసిరేస్తాడు. ఆ పేజీ కొడుతుంటే వరసగా తప్పులు పడ్డాయి.

కానీ నాకు గుర్తుండిపోయింది వాడు కాదు. ఆ కథలో టైపు కొట్టే ఒకావిడ ఉంది. అందరి డైరీలు, ఉత్తరాలు తెచ్చి తేదీల వారీగా పేర్చి కార్బను పెట్టి నకళ్లు తీస్తుంది. దొర వచ్చి అసలు కాగితాలు తగలబెడతాడు. అయినా ఇంకో నకలు భద్రంగా ఉంటుంది. రైళ్ల వేళలు కంఠతా పట్టి, వాడు ఏ దారిన పారిపోతాడో తేల్చింది కూడా ఆవిడే. నేనప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లని. టైపు మిషను ముందు కూర్చునే మనిషి ఒక కథలో అంత పని చేయగలదని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు టీవీలో చూస్తే ఆ దొర సింహాసనం మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. వెనక గోడ మీద ఒక అందమైన ఆడమనిషి బొమ్మ.

"ఎవరే ఆవిడ?"

"ఈయన పెళ్లాం. మంచి వైద్యురాలత్తా. మంత్రగత్తె అని ఊరోళ్లు కాల్చీసినారు. ఆ బాధతోటే ఈయన మనుషులందర్నీ సంపీడానికి బయల్దేరాడు."

"నవల్లో వాడికి అలాంటి పెళ్లామెక్కడిదే?"

"ఈ గేము సేసినోలు పెట్టుకున్నారు. ఇలాటివి బోల్డు గేములున్నాయి. ప్రతి దాంట్లోనూ సంపుతాం, మళ్లీ లేస్తాడు. కొరడా పట్టుకున్న ఒక వంశం తరతరాలా ఈయన్ని సంపుతాది. ఒక గేములోనైతే ఈయన ముందు వీరుడే. మనమే ఈయన లాగ ఆడాల."

"మరి టైపు కొట్టే ఆవిడ?"

బుర్ర గోక్కుంది. "ఆవిడ లేదత్తా."

ఆమె రాసుకున్న కాగితం నా చేతికిచ్చింది. మొదటి వాక్యమే ఇది: "పాపం, ఈయన్ని రాక్షసుణ్ని చేసింది లోకమే." తప్పులేమీ లేవు. అయినా మిగతాది దిద్దనని కాగితం తిరిగి ఇచ్చేశాను. ఒళ్లు మండిపోయింది.

"అంత కోపమేటత్తా? గేమే గదా!"

అప్పుడు చెప్పాను. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి.

విజయనగరంలో నేను మొదట ఉద్యోగంలో చేరిన ఆఫీసులో ముగ్గురం టైపిస్టులం ఉండేవాళ్లం, ముగ్గురం ఆడవాళ్లమే. మా పైన ఉన్న సూపరింటెండెంటు కుర్చీ వెనక నిలబడి, కాగితం చూసే నెపంతో భుజం మీద చెయ్యి వేసేవాడు. డిక్టేషనని గదిలోకి పిలిచి తలుపు మూసేవాడు. మాలో చిన్నపిల్ల ఒకరోజు ఆ గదిలోంచి ఏడుస్తూ వచ్చింది. మర్నాటి నుంచి ఆఫీసుకి రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి, ఆమె చెప్పిందీ మా ఇద్దరికీ జరిగిందీ తేదీలతో సహా రాసుకొచ్చి, మూడు నకళ్లు టైపు చేసి పై అధికారికి ఒకటి ఇచ్చాను.

ఆయన చదివి, కళ్లజోడు తీసి అన్నాడు. "పాపం, భార్య పోయిన మనిషమ్మా. ఆ దుఃఖంలో ఏదో... మీరే కొంచెం సర్దుకోండి."

ఆ భార్య పోయి ఆరు నెలలు కాలేదు. మా భుజాల మీద చేతులు పడటం మొదలై రెండేళ్లు! ఆవిడ బతికున్నప్పుడు వాడు దేనికి దుఃఖపడ్డాడు? చచ్చిపోయిన ఆ ఇల్లాలిని అడ్డం పెట్టి వాణ్ని కాపాడారు. పోయినావిడకి అంతకంటే అవమానం ఉందా?

నెల తర్వాత మా అర్జీ కనిపించడం లేదన్నారు. రెండో నకలు ఇంకా పైకి పంపాను. ఎవరూ విచారణకి రాలేదు. చివరికి వాడికి బదిలీ అయింది, అదీ ఇంకా పెద్ద ఆఫీసుకి. దండ వేసి పంపారు. ఆ సన్మానపత్రం నా చేతే టైపు చేయించారు. "సౌమ్యులు, సహృదయులు" అని కొట్టాను, ఒక్క తప్పు లేకుండా. కొట్టనని ఎందుకనలేదో, ఈరోజుకీ నామీద నాకే కోపం. చిన్నపిల్ల మాత్రం ఉద్యోగం మానేసింది.

మేనకోడలు ఆట ఆపేసింది. "నాకెప్పుడూ సెప్పలేదేటత్తా?" అంది మెల్లగా.

కాసేపటికి మళ్లీ తన వాదన తనదే. "గానీ అత్తా, ఎంత పాపమనుకున్నా గేములో ఈయన్ని వదిలీం గదా. సంపుతాం గదా."

"సంపితే మళ్లీ లేపుతున్నారు గదే! లేపినప్పుడల్లా ఇంకో కష్టం తగిలిస్తన్నారు. వాడి సేతిలో పోయినోళ్ల కష్టమేదే? వాణ్ని పట్టిచ్చినావిడేదే?"

"టైపు కొడితే గేమేటవుద్దత్తా? ఎవలాడతారు?"

"కాగితాలన్నీ ఏరి, రైళ్లు లెక్కగట్టి, వాడి దారి కనిపెట్టడం ఆట కాదా? కొరడా ఊపితేనే ఆటా?"

టీవీ కట్టేసి లేచింది. రెండు రోజులు మా మధ్య మాటలు తక్కువ. మూడో రోజు కొత్తగా రాసిన కాగితం తెచ్చింది. 'పాపం' కొట్టేసింది. పెళ్లాం కథ ఆట తయారుచేసినవాళ్ల కల్పన అనీ, పాత నవల్లో వాడి క్రూరత్వానికి సాకేమీ లేదనీ రాసింది. టైపు కొట్టే ఆవిడ గురించి ఒక పేజీ చేర్చింది. "దుక్కం సంగతి మాత్రం ఉంచుతాను. నాకు ఆ గేము నచ్చింది, అబద్ధమాడలేను" అంది. సరేనన్నాను. ఆ పేజీలో నాలుగు తప్పులుంటే దిద్దాను.

వీడియో పెట్టాక కామెంట్లు చదివి వినిపించింది. ఒకడు, దొరని అవమానించారని తిట్టాడు. ఇంకొకడు, ముసలమ్మల మాట విని గేముల గురించి మాట్లాడొద్దన్నాడు. నేనూ జవాబు రాస్తానంటే ఫోను ఇవ్వలేదు. కొత్తవలస నుంచి ఒకమ్మాయి మాత్రం, "ఆ టైపిస్టు మీద గేము ఉంటే పేరు చెప్పండి, నేను ఆడతాను" అని రాసింది.

"లేదని సెప్పీనా?" అని అడిగింది మేనకోడలు.

"లేదు, ఎవలూ సెయ్యలేదు అని రాయి," అన్నాను. "ఎందుకు సెయ్యలేదో గేములు సేసినోలకే తెలవాలని కూడా రాయి."

రాసింది.