సమంగా నిలబడ్డ బండి

సుందర్ రావుకు ఒక గుణం ఉండేది. తాను చెప్పింది ఎవరైనా పెడచెవిన పెడితే రెండోసారి చెప్పేవాడు కాదు. "ఒకపారి చెప్పిన. ఇనేటోడు ఇంటడు, ఇననోడు లేదు" అనేవాడు. అది తన పౌరుషం అనుకున్నాడు చాలా ఏళ్లు.

వరంగల్ అండర్ బ్రిడ్జి దాటాక ఆయనా, ఇమాం పాషా కలిసి కమాన్ పట్టీల షాపు నడిపేవారు. లారీలకూ జీపులకూ బరువు మోసే ఆ ఉక్కు పట్టీలు విరిగినా, కుంగినా బండ్లు వాళ్ల దగ్గరికే వచ్చేవి. వెనక పట్టీలు కొలిమిలో కాల్చి వంపు తేవడం ఇమాం పాషా పని. ముందు స్ప్రింగులు, స్టీరింగు జాయింట్లు సుందర్ రావువి. తండ్రి పోయి, చదువు ఆగిపోయిన రోజుల్లో సుందర్ రావును షాపులో చేర్చుకుని పని నేర్పింది ఇమాం పాషానే. ఒకరు నమాజుకు పోతే ఒకరు, ఒకరు చర్చికి పోతే ఒకరు షాపు చూసుకునేవారు. ఒక టిఫిన్ డబ్బాలోంచే ఇద్దరూ తినేవారు.

ఓ ఎండాకాలం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మహిపాల్ అనే యువకుడు తన పికప్ బండి తెచ్చాడు. దోస్తులతో పాకాల అడవి బాటల్లో తిరగడం అతని సరదా. అందుకని హైదరాబాదులో ఎవరి దగ్గరో బండిని ఎత్తు లేపించాడు. వెనక బాగా లేచింది గానీ ముందు అంత లేవలేదు. బండి ముక్కు నేలకు వంచుకుని నిలబడ్డట్టుంది.

"ముందర ఇంకా లేపితే జాయింట్లు తట్టుకోవు భాయ్," అన్నాడు సుందర్ రావు. "ఎన్క ఒక పట్టీ తీసి జర దించుదాం. సమానమైతది."

"ఎత్తు కావాలని అంత దూరం పోయినోనికి దించుతమంటే ఒప్పుకుంటడా తమ్మీ?" అన్నాడు ఇమాం పాషా. " ముందరనే లేపుదాం."

"నాకైతే మంచిగనిపిస్తలేదు," అన్నాడు సుందర్ రావు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం ఆయన చర్చిలో ఉండగా ఇమాం పాషా తానే ముందు భాగం విప్పి, స్ప్రింగుల మీద మందపాటి ఇనుప బిళ్లలు వేసి బిగించాడు. సోమవారం పొద్దున సుందర్ రావు వచ్చేసరికి బండి ముందూ వెనకా ఒక్క ఎత్తులో, గుర్రంలా నిలబడి ఉంది.

"ఎట్లుంది?" అన్నాడు ఇమాం పాషా. మొహం వెలిగిపోతోంది.

సుందర్ రావు కిందికి వంగి చూశాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే జాయింటు సాగగలిగినంతా సాగిపోయింది. దాని రబ్బరు తొడుగు తెగుతుందా అన్నట్టు బిగుసుకుపోయింది. చూసి లేచి, చేతులు దులుపుకుని, "మంచిగుంది" అన్నాడు.

ఇంతలో మహిపాల్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని, ఇమాం పాషాను వాటేసుకుని వెళ్లిపోయాడు. సుందర్ రావు ఆపలేదు. 'మళ్లీ ఇక్కడికే వస్తుంది. అప్పుడు తెలుస్తుంది భాయ్‌కి' అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక బండి వచ్చింది, ఇంకో బండికి కట్టి లాక్కొస్తే. ధర్మసాగర్ దగ్గర జాయింటు ఊడి, ముందు చక్రం మడతపడి, బండి రోడ్డు దిగి పొలంలో పడిందట. మహిపాల్ చేతికి కట్టు ఉంది.

"ముందర పని ఎవలు చేసిండ్రు?" అని రోడ్డంతా వినబడేలా అరిచాడు.

ముందు పని ఎప్పుడూ సుందర్ రావుదేనని ఆ వీధిలో అందరికీ తెలుసు. అందరూ ఆయన వైపే చూశారు. ఆయన ఇమాం పాషా వైపు చూశాడు. ఇమాం పాషా తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"బండి ఈడ ఇడిచిపెట్టు. నేను చేస్త," అన్నాడు చివరికి సుందర్ రావు.

బిళ్లలు తీసేశాడు. కొత్త జాయింటు వేశాడు. వెనక ఒక పట్టీ తీశాడు. బండి కాస్త పొట్టిగా, సమంగా నిలబడింది. ఆ ఇనుప బిళ్లలు తెచ్చి ఇమాం పాషా ముందు పెట్టి, తన పానాలు, పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. హనుమకొండలో వేరే గ్యారేజీలో పనికి కుదిరాడు.

రంజాన్ పండుగ సాయంత్రం ఇమాం పాషా, భార్య అనీస్ బేగంతో మట్టెవాడలోని సుందర్ రావు ఇంటికి వచ్చాడు. షీర్ ఖుర్మా డబ్బా తెచ్చారు. సుందర్ రావు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"భాయ్ వచ్చిండు, లేవరాదు," అంది భార్య విమల.

"పండుకున్నడని చెప్పు."

"పోనీ బిడ్డా, లేపకు. మల్లొస్తం," అన్న ఇమాం పాషా గొంతు ఆయనకు వినబడుతూనే ఉంది. చెప్పుల చప్పుడు గల్లీ చివరిదాకా వినబడింది. లేచి పిలిస్తే సరిపోయేది. లేవలేదు.

చలికాలంలో ఇమాం పాషా కొడుకు సోహెల్ ఫోన్ చేశాడు. "బాబాయ్, అబ్బాకు పక్షవాతం వచ్చింది. దవాఖానల ఉన్నం."

సుందర్ రావు పరుగున వెళ్లాడు. ఇమాం పాషా కుడిచెయ్యి పడిపోయింది. మూతి వంకరపోయింది. మాట పోయింది. సుందర్ రావును చూడగానే ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి.

బయట వరండాలో అనీస్ బేగం చెప్పింది. "పండుగ నాడు మీ ఇంటికొచ్చేటప్పుడు ఆటోల ఒకటే అన్నడు భయ్యా, సుందర్‌ను ఒక్క మాట అడగాలె అని. ఏం మాట అంటే నాకు చెప్పలే."

సుందర్ రావుకు ఆ మాట ముల్లులా దిగింది. భాయ్ చెప్పాలి అనలేదు, అడగాలి అన్నాడు. తప్పయిందని అనడానికైతే చెప్పాలి అనేవాడు కదా. ఆ సోమవారం తాను వంగి చూడడం భాయ్ గమనించాడా? చూసి కూడా ఎందుకు చెప్పలేదని అడగడానికే వచ్చాడా?

ఇప్పుడు షాపు మళ్లీ సుందర్ రావే తెరుస్తున్నాడు. సాయంత్రాలు ఇమాం పాషా ఇంటికి వెళ్లి, భుజం ఆసరా ఇచ్చి నడిపిస్తాడు. ఒకరోజు మంచం మీద కూర్చోబెట్టి, పడిపోయిన ఆ చెయ్యి పట్టుకుని అన్నాడు.

"భాయ్, ఆ సోమారం నాడు నేను వంగి చూసిన. జాయింటు గుంజుకపోయినట్టు కనబడ్డది. ఎరికుండి చెప్పలే."

ఇమాం పాషా ఆయన్నే చూశాడు. ఎడమచెయ్యి కొద్దిగా లేచింది. పెదాలు కదిలాయి. గొంతులోంచి ఏదో ధ్వని వచ్చింది గానీ మాట కాలేదు. సుందర్ రావు అనీస్ బేగం వైపు తిరిగాడు. ఆ ధ్వనులు అర్థమయ్యేది ఆమె ఒక్కదానికే.

"ఏమంటాండు భాభీ?"

ఆమె మొగుడి మొహం దగ్గరికి వంగి మళ్లీ విన్నది.

"నీళ్లు కావాలంటాండు భయ్యా."

సుందర్ రావు లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఒక్క చుక్క ఒలకకుండా తాగించాడు.