అమ్మ ముక్కు, మూడో స్కాను

మా ఇంట్లో ముక్కు కారడం జబ్బు కాదు. అద్దంకి వైపు మిరప కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్లందరికీ ముక్కూ కళ్లూ కారాల్సిందే. అందుకే అమ్మ కాయలు వేసుకొచ్చే ట్రాక్టరు మీంచి పడి, నుదుటి దెబ్బ మానాక కూడా ముక్కులోంచి నీళ్లు కారుతుంటే, ఘాటుకేలే అనుకున్నాం.

అనుమానం మొదట నాకే వచ్చింది. నాకు అన్నిటిమీదా వస్తుంది, అది వేరే సంగతి. ఘాటుకైతే రెండువైపులా కారాలి కదా! అమ్మకి కుడివైపే కారేది, అదీ వంగినప్పుడే. "గొంతులోకి ఉప్పగా దిగుతోందిరా" అనేది.

గుంటూరు డాక్టరు గారు పరీక్ష చేయించి, అది మెదడు చుట్టూ ఉండే నీరనీ, ముక్కు పైన ఎముకకి కన్నం పడి కారుతోందనీ అన్నారు. ఆ కన్నం మూయకపోతే క్రిములు అదే దారిన పైకెక్కుతాయట, ప్రాణం మీదికొస్తుందట. సీటీ స్కాను తీయించారు. ఎముకలో రెండుచోట్ల సన్నటి పగులు. కారేది దేంట్లోంచో తెలియదు. ఎంఆర్ఐ తీయించారు. నీరు తెల్లగా కనిపించింది గానీ జలుబు నీరూ అలాగే ఉంటుందట. ఇక మూడోది. నడుములో సూదితో మందు ఎక్కించి, బోర్లా పడుకోబెట్టి, అది ముక్కులోకి ఎక్కడ దిగుతుందో మళ్లీ సీటీలో చూడాలట.

నాకు ఒళ్లు మండింది. "అయితే ముందు రెండూ దండగేనాండీ?"

"దండగ కాదండి. ఒకటి ఎముకని చూపిస్తుంది, ఒకటి నీటిని చూపిస్తుంది. దారి తేలాలంటే మూడోది కావాలి."

ఆయన అప్పుడే స్కానింగ్ వాళ్లకి ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడాడు. దొందూ దొందే, కమీషన్ల బేరమే అనుకున్నాను. నడుముకి సూదేస్తే కాళ్లు పడిపోతాయని కల్లంలో ఎవరో అన్నారు. విచిత్రం, అది మాత్రం ఇట్టే నమ్మేశాను.

"వేయించుకుంటాలేరా, విసుగొచ్చింది దీంతో. అనుమానం పెనుభూతం అంటారు" అంది అమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో. కోతలయ్యాక చూద్దాం."

కోతలవకముందే అమ్మకి జ్వరమొచ్చింది. మెడ కొయ్యబారిపోయింది, నన్ను గుర్తుపట్టలేదు. క్రిములు మెదడు పొరల దాకా పోయాయన్నారు. ఆస్పత్రి వరండాలో నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. బతికింది. కానీ రెండు చెవులూ పోయాయి.

తేరుకున్నాక మూడో స్కాను చేశారు. వెనక పగులులోంచి మందు ముక్కులోకి సన్నగా దిగడం ఫిల్ములో నాక్కూడా కనిపించింది. అమ్మ కాళ్లకి ఏమీ కాలేదు. మర్నాడు లేచి తన కాళ్ల మీదే నడిచింది.

"దొరికిందమ్మా! ఆపరేషన్ చేసి మూసేస్తారట!" గట్టిగా అరిచి చెప్పాను, వినపడుతుందేమోనని. డాక్టరు గారు పక్కనే ఉన్నారు.

అమ్మ నా నోటి వంక చూసి, కంగారుగా నా చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ ఆయన్ని తిడుతున్నావేంట్రా? ఇంకో సూదైనా వేయించుకుంటానని చెప్పు."