సీర అన్న మాట

ఇంగ్లీషులో ‘సీర్’ అని ఒక విశేషణం ఉంది. ఎండిన, వాడిన అని అర్థం. పేపర్లో కనిపించదు, మాటల్లో ఎవరూ వాడరు, దాని బతుకంతా పాత కవిత్వంలోనే. తొంభైల చివర టెక్కలిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరిన కొత్తలో, ఈ ఒక్క మాట మీద వ్యాసం రాసి పేరు కొట్టేయాలని ఉండేది నాకు. కవులు దాన్ని ఎక్కడెక్కడ వాడారో అట్టముక్కల మీద రాసి బూట్ల పెట్టెలో వేసేవాణ్ణి. ఆకులకి ఎక్కువ, గడ్డికి కొంత, మనిషి ముసలితనానికి అక్కడక్కడ. పాదం చివర ప్రాస కుదిరిందని వాడేసినవాళ్లూ ఉన్నారు. పెట్టె నిండింది గానీ వాటి గురించి సొంతంగా చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

ఆ ఏడు సెకండియర్ పాఠంలో ఒక పద్యంలో ఈ మాట తగిలింది. నా ఉత్సాహం చెప్పనక్కర్లేదు. పద్యం రెండుసార్లు చదివి, ‘సీర్’ అంటే ఏమనుకుంటున్నారని క్లాసుని అడిగాను. చివరి వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్లే కుటుంబం వాళ్లది. రెండు బస్సులు మారి వచ్చేది. అప్పటిదాకా హాజరు పలకడం తప్ప ఆమె గొంతు నేను వినలేదు.

“సీర కట్టినట్టు, సార్,” అంది. “కొబ్బరి సెట్టుకి ఎండిన కమ్మలు కిందికి వాలిపోయి మాను సుట్టూ సీర కట్టినట్టుంతాయి. ఎండిపోతాయి గాని బేగి రాలవు, మానునే పట్టుకుని ఉంతాయి. అదే అనుకున్నాను.”

ఇంగ్లీషు మాటని మన చీరతో కలిపేసిందని నాకు నవ్వొచ్చింది. నవ్వి ఊరుకున్నా బాగుండేది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘చీర’ అని రాసి, ముందు ఇది పలుకు, తర్వాత ఇంగ్లీషు చూద్దాం అన్నాను. పలికింది. సీర అనే వచ్చింది. మళ్లీ అన్నాను. మళ్లీ సీర. మూడోసారికి క్లాసంతా పగలబడి నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లలో సీర అనే అంటారు. మా నందిగాంలో మా అమ్మా అదే అనేది. విశాఖలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా ‘సేత్తన్నాను’ని వెక్కిరిస్తే, అద్దం ముందు నిలబడి నాలుకకి చ నేర్పుకున్నవాణ్ణి నేను. ఆ కసి తీర్చుకోవడానికి నాకు ఆ పిల్లే దొరికింది.

వారం తిరక్కుండానే ఆమె రావడం మానేసింది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తోందని తోటి పిల్ల చెప్పింది. నోరే తిరగనిదానికి ఇంగ్లీషు సదువెందుకు అందట. ఇంట్లో ఇబ్బందులేవో ఉండి ఉంటాయని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కబురు పంపలేదు. వాళ్ల ఊరు వెళ్లడానికి నాకూ రెండే బస్సులు.

ఆ తర్వాత జరిగింది రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది. ఒకరోజు అట్టముక్కలు ముందేసుకుని కూర్చుంటే, ఆమె మాట గుర్తొచ్చింది. బేగి రాలవు. ముక్కలన్నీ తిరగేశాను. నేను పోగుచేసిన వాటిలో ‘సీర్’ అన్న ఆకు ఒక్కటీ నేల మీద లేదు. ఎండింది, రంగు పోయింది, కొమ్మని మాత్రం వదల్లేదు. ఇన్నాళ్లు వెతికినా నాకు కనపడనిది ఆ పిల్ల ఒక్క పద్యం విని చెప్పేసింది. వ్యాసం రాసేశాను. కొబ్బరి కమ్మల్నీ, మానుకి చుట్టిన చీరనీ కూడా పెట్టాను. విశాఖ సెమినార్‌లో చదివితే ఒక పెద్ద ప్రొఫెసర్ ఆ పోలికని మెచ్చుకుని, ఎక్కడ దొరికిందయ్యా ఇది అని అడిగాడు.

“చిన్నప్పట్నించీ చూస్తున్నదే, సార్,” అన్నాను.

నందిగాంలో మాది వరి, జీడితోట. కొబ్బరి చెట్టుని తలెత్తి సరిగ్గా చూసిన పాపాన పోలేదు నేను.

ఏడెనిమిదేళ్లకి, అడ్మిషన్ల రోజుల్లో ఆమె నా బల్ల ముందుకు వచ్చింది. చూడగానే పోల్చుకున్నాను. చెల్లెల్ని చేర్పించడానికి వచ్చింది.

“మా సెల్లి, సార్. బాగా సదువుతాది,” అంది. “నాలాగ తరగతిలో లేచి తప్పులు మాటాడదు. నోరిప్పొద్దని సెప్పీసేను.”

ఎత్తిపొడుపు కాదు. నాకు భరోసా ఇస్తోంది. ఆ వ్యాసం అచ్చయిన పత్రిక నా వెనక బీరువాలోనే ఉంది. ఆ రోజు నువ్వు చెప్పిందే సరైనది, తప్పు నాది అనడానికి ఎంతసేపు పడుతుంది? పక్క బల్లల దగ్గర తోటి లెక్చరర్లు ఉన్నారు. మార్కుల లిస్టు జిరాక్సు తెచ్చావా అని అడిగాను. తెచ్చింది.

చెల్లెలు అక్క మాట నిలబెట్టింది. పరీక్షలు చక్కగా రాసేది, క్లాసులో పెదవి విప్పేది కాదు. మరుసటేడు పాఠాల్లో ఇంకో పద్యంలో ‘సీర్’ వచ్చింది. అర్థం అడిగాను. ఆ పిల్ల చప్పున తలెత్తింది. పెదవులు కదిలాయి. అంతలోనే తల దించేసుకుని పుస్తకంలోకి చూసింది.

ఆ పిల్లకి తెలుసు. నేను పక్క కుర్రాణ్ణి అడిగాను.