డ్రమ్ము పట్టుకునే పద్ధతి

జిరాక్స్ మిషన్లు బాగుచేసే ఆయన ఏ ఆఫీసుకి వెళ్ళినా ముందు కిటికీ తెర లాగి, లైటు ఆపేస్తాడు. మిషన్ కడుపులో ఉండే డ్రమ్ము వెలుతురు తగిలితే పాడవుతుంది. పచ్చగా నిగనిగలాడే ఆ గొట్టాన్ని రెండు కొసలా పట్టుకుని పైకి తీసి, మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతాడు. ఎవరైనా చెయ్యి చాపితే, "ముట్టుకోకండి సార్, మీ వేలి మచ్చ ప్రతి కాగితం మీదా కనిపిస్తుంది" అంటాడు. మేనేజరుకైనా, వాచ్‌మన్‌కైనా అదే మాట, అదే గొంతు.

మొన్న ఆసుపత్రిలో, కూతురు కన్న పసిగుడ్డుని భార్య తెచ్చి ఇవ్వబోతే, ముందు వెళ్ళి కిటికీ తెర లాగి వచ్చాడు. ఆపైన ఒక చెయ్యి తల కింద, ఒకటి మడమల కింద పెట్టి, బిడ్డని ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"అదేం పట్టుకోవడమండీ, గుండెకి ఆనించుకోండి" అంది భార్య.

"చొక్కాకి మిషన్ టోనర్ నల్లపొడి ఉంటుందే."

ఆవిడ తల కొట్టుకుని, బిడ్డని తీసుకుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆయన జేబురుమాలుతో చూపుడువేలు తుడిచి, మళ్ళీ తుడిచి, బుగ్గమీద ఆనించి తీశాడు. మచ్చ పడిందేమోనని వంగి చూశాడు. పడలేదు. మళ్ళీ ముట్టుకున్నాడు.