పక్క లెక్క కోసం ఆగని కంప్యూటర్లు

పక్క కంప్యూటర్ నుంచి నీటి లెక్క అందేదాకా ఏ కంప్యూటరూ ముందుకు పోకుండా చూస్తానని నా రిటైర్మెంట్ రోజున, నా సీట్లోకి వచ్చిన సుధాకర్ మాటిచ్చాడు. మా ఆఫీసులో గోదావరిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కంప్యూటర్‌కు అప్పగించి వరదను అంచనా వేసేవాళ్లం. దుమ్ముగూడెం ఒకదానిది, దిగువనున్న మా భద్రాచలం దాని పక్కదానిది.

ఈ రోజు పొద్దున దుమ్ముగూడెం నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి, నీళ్లు వాకిట్లోకి వచ్చాయన్నాడు. నేను వెంటనే సుధాకర్‌కు ఫోన్ చేశాను.

“మీకాడ ఏం భయం లేదు సార్. మన ప్రోగ్రామ్ ఇప్పుడు మస్తు స్పీడ్. స్పీడ్ పరీక్షల్ల మనదే ఫస్ట్.”

“పక్కదాని లెక్క కోసం ఆగుతున్నదా?”

“ఆగితే స్పీడ్ ఏడికెల్లి వస్తది సార్? పాత లెక్కతోనే నడిపిస్తున్నం.”

అంటే దుమ్ముగూడెంలో బయల్దేరిన నీళ్ల సంగతి భద్రాచలం కంప్యూటర్‌కు ఇంకా తెలియదు. బియ్యం, మందులు సంచిలో వేసుకుని, మా ఆవిడతో మేడెక్కాను. మా ఆఫీసు అంచనా ప్రకారం ప్రమాదం లేదని టీవీలో విన్న వీధివాళ్లు నన్ను చూసి నవ్వారు. సాయంత్రానికి నీళ్లు మా గడప దాటాయి. ఎదురింటివాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని మా మెట్లెక్కుతున్నారు. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి.

వరదకంటే ముందొచ్చే తప్పు జవాబుతో ఏం చేసుకోవాలో మీలో ఎవరైనా చెప్పండి. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఊరు మునిగితే వాన పేరు రాస్తారు, మనిషి పేరు రాయరు. నేను రాస్తున్నాను: సుధాకర్.